చిమ్మటకు ఎన్ని గీతలు కావాలి

టాటూ వేయించుకోవాలని అనుకున్నాక ఏ బొమ్మ అన్న విషయంలో నేను పెద్దగా తర్జనభర్జన పడలేదు. పురుగుల బొమ్మల పుస్తకాలు ముందేసుకుని గంటలు గడిపే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. వాటిలో నా మనసు దోచింది లూనా చిమ్మట (ఇంగ్లీషులో లూనా మాత్). లేత ఆకుపచ్చ రెక్కలు, ఒక్కో రెక్క మీద ఒక్కో కంటి మచ్చ, వెనుక రెక్కల నుంచి మెలితిరిగి కిందికి సాగే రెండు పొడవాటి తోకలు. ఉత్తర అమెరికా అడవుల్లో ఉండే ఈ చిమ్మటకు 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రోమన్ల చంద్రదేవత పేరు పెట్టాడు. రెక్కలొచ్చాక దీనికి పనిచేసే నోరు ఉండదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్న తిండితోనే వారం రోజులపాటు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఆ తోకలు కూడా సోకు కోసం కావు. ఎగిరేటప్పుడు అవి గిరగిరా తిరుగుతూ గబ్బిలాన్ని ఏమారుస్తాయి. గబ్బిలం ప్రతిధ్వనిని బట్టి వేటాడుతుంది కాబట్టి దాని వేటు చిమ్మట ఒంటి మీద పడకుండా తోక మీద పడుతుంది. తోకలు లేని లూనాలు గబ్బిలాలకు చాలా తేలిగ్గా చిక్కాయని 2015లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. ఇంత కథ ఉన్న జీవిని ఒంటి మీద పెట్టుకోవడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఎలా వేయించుకోవాలన్నదే అసలు సమస్య. ముదురు రంగులు నింపిన పెద్ద బొమ్మ నాకు నచ్చదు. పాత జీవశాస్త్ర పుస్తకాల్లో కలంతో గీసిన చిత్రాల్లా సన్నని నల్లగీతలతో ఉండాలి. టాటూ వేసేవాళ్ళు దీన్ని ఫైన్ లైన్ అంటారు. ఒకే సూదితోనో, మూడు సూదులను దగ్గరగా గుండ్రంగా అమర్చిన లైనర్‌తోనో వేస్తారు. ఒక్కో సూది మందం పావు మిల్లీమీటరు నుంచి 0.35 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1970లలో తూర్పు లాస్ ఏంజిలెస్ టాటూ దుకాణాలు. అంతకుముందు అక్కడి జైళ్ళలో ఖైదీలు గిటారు తీగను సూదిగా అరగదీసి, చిన్న మోటారు బిగించి, దొరికిన నల్లసిరాతో బొమ్మలు వేసుకునేవారు. ఉన్నది ఒక్కటే సూది, ఒక్కటే రంగు. ఆ ఇబ్బందిలోంచి పుట్టిన నైపుణ్యం ఇప్పుడు అందరూ కోరి వేయించుకునే శైలి అయింది.

ఆర్టిస్టును ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: మానిన టాటూల ఫొటోలు చూపించాలి. అప్పుడే వేసిన టాటూ ఎవరు వేసినా బాగానే కనబడుతుంది. గీత నల్లగా, పదునుగా ఉంటుంది. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంటుంది కాబట్టి అది తాజాదని ఇట్టే తెలిసిపోతుంది. ఏడాది దాటాక అదే గీత ఎలా ఉందన్నది చూడాలి. నేను వెళ్ళిన ఒక స్టూడియోలో గోడ నిండా ఫొటోలే, అన్నిటిలోనూ ఎర్రబడిన చర్మమే. పాతబడినవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే, "వేయించుకున్నవాళ్ళు మళ్ళీ రారండీ" అన్నారు. నేనూ మళ్ళీ వెళ్ళలేదు. చివరికి దొరికిన ఆవిడ అడగకముందే ఫోను తీసి, ఒకే సీతాకోకచిలుక టాటూను వేసిన రోజున, కొన్ని నెలల తర్వాత, కొన్నేళ్ళ తర్వాత తీసిన ఫొటోలు పక్కపక్కన చూపించింది. గీతలు కాస్త లావెక్కాయి, కాస్త బూడిదరంగుకు తిరిగాయి. అయినా రెక్కలో ఈనెల మధ్య ఉండే ప్రతి గదీ విడివిడిగా తెలుస్తోంది. "ఇలా అవుతుందని తెలిసే వేశాను" అంది.

తనకు చర్మం తెలుసు, నాకు పురుగులు తెలుసు. బొమ్మ గీసే దగ్గర ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం.

ఆవిడ మొదట గీసిన చిత్రంలో ముందు రెక్కలు రెండూ బాగా పైకి లేచి ఉన్నాయి, వాటి కింది అంచు ఒంటికి సరిగ్గా అడ్డంగా ఉంది. చూడగానే అది బతికున్న చిమ్మట కాదని చెప్పాను. మ్యూజియంలో పురుగును ఆరబెట్టేటప్పుడు నాలుగు రెక్కలూ పూర్తిగా కనబడాలని పలక మీద పరిచి, కాగితపు పట్టీలు అడ్డంపెట్టి గుండుసూదులతో బిగిస్తారు. పుస్తకాల్లో మనం చూసే బొమ్మల్లో చాలావరకు ఆ భంగిమే. టాటూల్లోని సీతాకోకచిలుకల్లో సగానికి సగం అలా సూది గుచ్చినవే! ప్రాణమున్న చిమ్మట ఆకు మీద వాలినప్పుడు ముందు రెక్కలు కిందికి జారి, వెనుక రెక్కల పైభాగాన్ని కప్పేస్తాయి. రెక్కలు నాలుగూ ఛాతీ నుంచే పుడతాయన్నది చాలామంది పట్టించుకోని ఇంకో విషయం. వెనుక రెక్కల్ని తెచ్చి పొట్టకు అతికించిన టాటూలు నేను ఎన్నో చూశాను.

ఆవిడ నొచ్చుకోలేదు. పైగా సంతోషించింది. రెక్క మీద రెక్క వాలితే కింది రెక్కలో సగం కనబడదు, అంటే అక్కడ గీయాల్సిన గీతలు తగ్గుతాయి. తనకు కావలసింది అదే.

మీసాల దగ్గరికి వచ్చేసరికి ఆ సంతోషం పోయింది. సీతాకోకచిలుక మీసం సన్నగా ఉండి చివర చిన్న గుండు ఉంటుంది, గీయడం తేలిక. చిమ్మట మీసానికి ఆ గుండు ఉండదు. లూనా మగదానికైతే నడిమి కాడకు రెండువైపులా పోగులు చీలి, వెడల్పాటి ఈకలా ఉంటుంది. ఆడది గాలిలోకి వదిలే వాసనను దూరం నుంచి పసిగట్టడానికి దానికి అంత మీసం కావాలి. నేను తీసుకెళ్ళిన ఫొటో మగదానిది. ఆ పోగులన్నీ ఉన్నవి ఉన్నట్టు రావాలని నా పట్టుదల. ఆవిడ కాగితం మీద అసలు కొలతలోనే ఒక మీసం గీసి, పోగులన్నీ పెట్టి, నా చేతికిచ్చింది. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. తర్వాత అదే మీసం మీద కొంచెం లావు పెన్నుతో గీతలు మళ్ళీ దిద్దింది. నల్లటి మచ్చ ఒకటి మిగిలింది. "పదేళ్ళకు మీ చేతి మీద ఉండేది ఇది. నేను గీసేది గీతలనే అయినా లెక్క చూసుకునేది మధ్యలో ఖాళీలను" అంది.

గీత ఎందుకు లావవుతుందన్నది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. సూది సిరాను పైచర్మం దాటించి దాని కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున వదులుతుంది. పైచర్మం కొన్ని వారాలకొకసారి రాలిపోయి కొత్తది వస్తుంటుంది కాబట్టి అక్కడ సిరా నిలవదు. కింది పొరలో మాత్రం బయటి పదార్థాలను మింగేసే రక్షక కణాలు సిరా రేణువులను మింగి పట్టుకుంటాయి. ఆ కణాలు చనిపోయినప్పుడు సిరా బయటపడుతుంది, పక్కనున్న కొత్త కణాలు దాన్ని మళ్ళీ మింగుతాయి. ఎలుకల మీద చేసిన పరిశోధనలో 2018లో ఈ సంగతి బయటపడింది. మనం స్థిరంగా ఉందనుకునే గీత లోపల ఇలా చేతులు మారుతూనే ఉంటుందన్నమాట. ఏళ్ళు గడిచేకొద్దీ అంచులు కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతాయి.

సరే, పోగులు తగ్గించడానికి ఒప్పుకున్నాను. ఆవిడ ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చి ఒక ప్రశ్న వేసింది: "ఇందులో ఏ గీత లేకపోతే ఇది లూనా అని మీరు గుర్తుపట్టలేరు? దాన్ని వదిలేసి మిగతావి ఒక్కొక్కటే కొట్టేయండి." ఆ పూట నాకు బాగా గుర్తుండిపోయిన పని అది. రెక్కలోని ఈనెలు చాలావరకు పోయాయి. కంటి మచ్చల్లోని లోపలి వలయాలు పోయాయి. తోకల వంపును మాత్రం ముట్టుకోనివ్వలేదు. ముందు రెక్క పై అంచున ఉండే ముదురు పట్టీని కూడా ఉంచాం, అయితే నింపకుండా పక్కపక్కన చిన్న చుక్కలతో. ఒంటి మీది నూగుకు ఛాతీ దగ్గర కొన్ని పొట్టి గీతలు చాలన్నాం. కాళ్ళు రెక్కల కిందికి పోయాయి. మీసాల్లో ఒక్కో వైపు కొన్నే పోగులు మిగిలాయి, వాటి మధ్య ఎడం పెంచి. తీసేసినకొద్దీ చిమ్మట ఇంకా స్పష్టంగా కనబడసాగింది. నేను తయారుచేసుకున్న జాబితాలోని శాస్త్రీయమైన కచ్చితత్వం చాలావరకు చెత్తబుట్టలో పడిందని ఒప్పుకోవడానికి కొంచెం టైము పట్టింది.

రంగు సంగతీ అక్కడే తేలిపోయింది. సిరా ఉండేది చర్మానికి సహజ రంగునిచ్చే పొర కింద. మనం టాటూను ఆ రంగుటద్దం గుండానే చూస్తాం. నా చామనఛాయ చర్మం కింద లేత ఆకుపచ్చ పెడితే కొన్నాళ్ళకు మరకలా కనబడుతుందని, తెల్ల సిరా కూడా అంతేనని చెప్పింది. నాతో వచ్చిన మా చెల్లి తనకు నీలం మార్ఫో సీతాకోకచిలుక కావాలని మధ్యలో అందుకుంది. ఆ నీలం అసలు రంగే కాదు, రెక్క పొలుసుల మీది అతి సన్నని గట్ల అమరిక వెలుతురును విరిచి పంపడం వల్ల అలా మెరుస్తుంది, ఏ సిరాకూ ఆ మెరుపు రాదు అని నేను చెప్పేసరికి, "అక్కా, నీతో టాటూకు రావడం కంటే పరీక్షకు పోవడం నయం" అంది. ఆవిడ నవ్వుతూ గ్లాస్‌వింగ్ అనే సీతాకోకచిలుక బొమ్మ చూపించింది. దాని రెక్కల్లో చాలా భాగానికి రంగే ఉండదు, అవతలివైపు కనబడుతుంది. ఈనెలు, అంచులు గీస్తే చాలు, రెక్క పని చర్మమే చూసుకుంటుంది. సన్నగీతల టాటూకు అంతకంటే తగిన సీతాకోకచిలుక ఇంకోటి ఉంటుందని నేను అనుకోను. మోనార్క్ లాంటివి అందంగానే ఉంటాయి కానీ వాటి మందపాటి నల్ల అంచు, అందులోని తెల్ల చుక్కలు వేరే శైలికి సరిపోతాయి.

చోటు విషయంలో నేను మణికట్టు అనుకున్నాను. మడత పడే చోట, రాపిడి ఎక్కువున్న చోట సన్నగీత నిలవదని, వేళ్ళ మీదయితే మరీ తొందరగా చెదురుతుందని చెప్పి ఆవిడ ముంజేతి లోపలివైపుకు మార్చింది. వేయించుకునే రోజున స్టెన్సిల్ (బొమ్మ గీతలను చర్మం మీదికి అచ్చు దించే కాగితం) అతికించడానికే చాలాసేపు పట్టింది. చిమ్మట అంటే ఎడమా కుడీ ఒకేలా ఉండే ఆకారం. ముంజేయి ఏమో తిప్పితే చర్మంతో సహా మెలితిరిగే చోటు. బల్ల మీద చెయ్యి చాపి అతికిస్తే అక్కడ తిన్నగా ఉంటుంది. లేచి నిలబడి చెయ్యి వదిలేయగానే చిమ్మట పక్కకు ఒరిగిపోతుంది. అందుకని నన్ను నిలబెట్టి, భుజాలు వదులు చేయించి, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా పెన్నుతో నడిమి గీత గీసింది. వెంట్రుకలు గీసి, చర్మం తుడిచి, ఊదారంగు స్టెన్సిల్ అద్ది, అద్దంలో చూసుకోమంది. ఎడమ తోక కాస్త బయటికి పోయినట్టు అనిపించింది. చెరిపేసింది. మళ్ళీ అద్దింది. తల మోచేతి వైపే ఉండాలన్నది కూడా అప్పుడే ఖాయమైంది. చెయ్యి వేలాడేసి నిలబడితే ఎదుటివాళ్ళకు నిటారుగా కనబడాలి కదా. మొహమాటపడకుండా ఎన్నిసార్లైనా మార్పించుకోవాల్సిన ఘట్టం ఏదైనా ఉందంటే ఇదే.

స్టెన్సిల్ ఆరేలోగా సామాను సర్దింది. సూది ఉన్న కార్ట్రిడ్జ్ ప్యాకెట్టును నా ముందే చింపింది, మీద రాసున్న గడువు తేదీ చూపించింది. మెషిన్‌కూ దాని వైరుకూ ప్లాస్టిక్ తొడుగు వేసింది. పెద్ద సీసాలోని సిరాను ఒక్కసారికే వాడే చిన్న మూతలోకి వంచుకుంది. హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం ద్వారా సోకేవి కాబట్టి ఇవన్నీ మన కళ్ళ ముందే జరగాలి. జరగకపోతే లేచి వచ్చేయడానికి సందేహించనక్కర్లేదు.

నొప్పి గురించి అందరూ అడుగుతారు. ఎండకు కమిలిన చర్మం మీద ఎవరో పుల్లతో నెమ్మదిగా గీస్తున్నట్టు ఉంది. కేక పెట్టేంత కాదు, మర్చిపోయేంతా కాదు. మోచేతి మడతకు దగ్గరైనకొద్దీ ఘాటు పెరిగింది. బొమ్మ చిన్నది, లోపల రంగు నింపే పని లేదు కాబట్టి ఓర్చుకోగలిగాను.

నాకు ఆసక్తిగా అనిపించింది ఆవిడ చేతులే. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని రెండువైపులకూ లాగి బిగించి, నా చేతిని కిందికి నొక్కిపెట్టి, మూడు దిక్కులా బిగువు వచ్చాకే సూది ఆనించేది. చర్మం వదులుగా ఉంటే గీత వణుకుతుంది. తోకల చివర్లతో మొదలుపెట్టి పైకి పోయింది. కిందినుంచి వస్తే, కారిన సిరా తుడిచేటప్పుడు ఇంకా వేయని చోట స్టెన్సిల్ చెరిగిపోదు. పొడవాటి తోక వంపు వచ్చినప్పుడు మాత్రం, "ఇప్పుడు మాట్లాడకండి, గట్టిగా ఊపిరి తీయకండి" అని చెప్పి, తానూ ఊపిరి వదులుతూ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క ఊపున లాగింది. లావు గీతలో చిన్న వంకర ఉంటే పక్కన కాస్త సిరా చేర్చి సర్దుకోవచ్చు. ఇంత సన్నగీతలో సర్దుకోవడానికి చోటు లేదు. లోతు కూడా అంతే. పైపైన పెడితే పొట్టుతో పాటు రాలిపోతుంది. ఎక్కువ లోతుకు పోతే సిరా కింది కొవ్వులోకి దిగి గీత చుట్టూ నీలిరంగు మబ్బు కమ్ముతుంది. దాన్ని బ్లోఅవుట్ అంటారు. ముంజేతి లోపలివైపు చర్మం పల్చన కాబట్టి ఆ భయం ఎక్కువే.

మీసాలకు సూది మార్చింది. మూడు సూదుల లైనర్ తీసి ఒంటిసూది బిగించింది. ఒక్కో పోగునూ కాడ దగ్గర ఆనించి, బయటికి విసురుతూ చివర్లో సూదిని పైకి లేపేసేది. మొదట్లో చీమ కాలంత నలుపు, చివరికి వచ్చేసరికి ఉందా లేదా అన్నంత సన్నం. ఒక పోగు, తుడుపు, కళ్ళజోడు సవరించుకోవడం, మళ్ళీ ఇంకో పోగు. రెక్కలన్నిటికీ పట్టిన సమయం కంటే ఆ రెండు మీసాలకే ఎక్కువ పట్టిందేమో అనిపించింది.

పని అయ్యాక పల్చటి పారదర్శక పొర ఒకటి అతికించి పంపింది. మర్నాటికి దాని కింద నల్లటి నీరు చేరింది. బొమ్మంతా కరిగిపోయిందని చెల్లి నిర్ధారించేసింది. అది చర్మం నుంచి ఊరిన ద్రవం, పైన మిగిలిన సిరా కలిసినది మాత్రమే. అంచుల నుంచి కారితే తప్ప కంగారు అక్కర్లేదని ఆర్టిస్టు ముందే చెప్పి ఉంది కాబట్టి నేను నిబ్బరంగా ఉన్నాను. చెప్పిన రోజున గోరువెచ్చటి నీళ్ళ కింద పొరను మెల్లగా ఒలిచి, వాసన లేని సబ్బుతో కడిగి, శుభ్రమైన కాగితంతో అద్దాను. ఆ తర్వాత రోజూ కడగడం, వాసన లేని క్రీము చాలా పల్చగా రాయడం. క్రీము ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిదనుకుంటారు గానీ, తడిగా ఉంచితే మానే చర్మం మెత్తబడి చెడుతుంది. ఈత, తొట్టి స్నానం, ఎండ కొన్ని వారాలు బంద్. ఎరుపు రోజురోజుకూ తగ్గాలి. చుట్టూ పాకుతున్నా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా టాటూ ఆర్టిస్టుకు ఫొటో పంపి కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నాకు ఆ అవసరం రాలేదు. దురద మాత్రం ప్రాణం తీసింది. పొట్టు లేస్తున్నప్పుడు గీతలతో సహా ఊడుతున్నట్టు కనబడుతుంది. గోకకూడదు. పొట్టు పోయాక కొన్నాళ్ళు చర్మం మెరుస్తూ, గీతలు మసకగా ఉన్నాయి, తర్వాత తేటపడ్డాయి.

చూసినవాళ్ళలో చాలామంది "సీతాకోకచిలుక బాగుంది" అంటారు. ఓపిక ఉంటే మీసాలు చూపించి తేడా చెబుతాను, లేకపోతే థాంక్స్ చెప్పి ఊరుకుంటాను.

పూర్తిగా మానాక చూసుకుంటే రెండు లోపాలు కనబడ్డాయి. ఎడమ తోక అంచులో ఒకచోట గీత తెగింది. కుడి మీసంలో ఒక పోగు దాదాపు మాయమైంది. సన్నగీతల్లో ఇది మామూలేనట, అందుకే చాలామంది ఆర్టిస్టులు టచప్‌కు, అంటే చెదిరిన గీతలు సరిదిద్దడానికి, మళ్ళీ రమ్మని ముందే చెప్పి ఉంచుతారు. చర్మం కుదురుకున్నాకే చేయాలి కాబట్టి ఆగి వెళ్ళాను. తోకలోని తెంపును ఆవిడ వెంటనే కలిపేసింది. పోగును మాత్రం దీపం కింద పెట్టి చాలాసేపు చూసి వద్దంది. దానికి రెండువైపులా ఉన్న పోగులు అప్పటికే తాను వేసినదానికంటే ఒక వెంట్రుకవాసి లావయ్యాయని చూపించింది. అక్కడ ఇంకో గీత పెడితే మూడూ కలిసిపోవచ్చు. నేను ఇంకోసారి అడిగి చూశాను. ఆవిడ సూదిని పారేసే డబ్బాలో పడేసి గ్లౌజులు తీసేసింది.